పెద్దమ్మ పాటల పుస్తకం

పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు ఆవిడ ట్రంకు పెట్టె తెరిచాం. మూత ఎత్తగానే ముందు కలరా ఉండల వాసన, దాని వెనకే తడిసి ఆరిన కాగితం వాసన. ఆ రెండోది కృష్ణా డెల్టా చివర పుట్టి పెరిగినవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. గాలివానకి తడిసిన బడి పుస్తకాలు, పాసు పుస్తకాలు, బైబిళ్లు ఎండలో ఆరేశాక అన్నిటికీ అదే వాసన పడుతుంది. ఏళ్లు గడిచినా పోదు.

రెండు తెల్లచీరలు, ఒక శాలువా, బియ్యం సంచి, కాలు విరిగిన కళ్లజోడు. వాటి మధ్య గుడ్డలో చుట్టి కీర్తనల పుస్తకం. అసలు అట్ట ఎప్పుడో ఊడిపోతే, పాత చీర ముక్కని మైదా పిండి ఉడికించిన జిగురుతో మందపాటి కాగితానికి అంటించి, వీపున నల్లదారంతో కుట్టుకుంది. పేజీల పైఅంచుకి రెండు వేళ్ల కింద గోధుమరంగు గీత ఒకటి పుస్తకం ఈ చివర నుంచి ఆ చివరకి ఉంది. ఏదో ఒక తుఫానులో నీళ్లు అంతవరకు వచ్చి ఆగాయన్నమాట.

కొన్ని పేజీల మూలలు వేళ్ల నూనెకి నల్లబడి మెత్తగా గుడ్డలా అయిపోయాయి. ఆ పాటల పక్కనే పెన్సిల్‌తో పొడి అక్షరాలు. 'చా' అంటే చావు ఇల్లు. 'జ్వ' అంటే జ్వరం. 'కో' అంటే కోత. 'వె' అంటే ఎవరైనా ఊరు వదిలి వెళ్లేటప్పుడు. ఏ కష్టానికి ఏ పాట అన్నది ఆవిడ నాటువైద్యుడు మందు రాసుకున్నట్టు రాసుకుంది. కష్టంలో దేవుణ్ణి స్తుతించడాన్ని ఆ తరం వాళ్లు నాట్లు వేయడం నేర్చుకున్నట్టే నేర్చుకున్నారు. దానికి వేళ ఉండేది, పద్ధతి ఉండేది, చెడిపోయే తావులు ఎక్కడెక్కడ ఉంటాయో తెలిసి ఉండేది. అవి చూసినవాళ్లం కాబట్టి గుర్తున్నంత మేర రాస్తున్నాను.

* * *

మా పేటలో గుడికి, అంటే చర్చికి, గంట లేదు. వేపచెట్టు కొమ్మకి ఇనుప తీగతో వేలాడదీసిన మూరెడు రైలుపట్టా ముక్కే గంట. దాని మీద ఇనుప కడ్డీతో కొట్టేవారు. మధ్యలో కొడితే మొద్దుగా మోగుతుంది. అంచుకి జానెడు పైన కొడితే కాలవ అవతలి పొలాల దాకా వినిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి మూడు దెబ్బలు. ఆదివారం అయితే మూడు మూళ్లు. ఎవరైనా పోతే ఒక్కో దెబ్బ కొట్టి, మోత పూర్తిగా ఆగేదాకా ఉండి, మళ్లీ ఒకటి.

నాలుగు గంటల ప్రార్థనకి వచ్చేది పది, పన్నెండు మంది. దాదాపు అందరూ ఆడవాళ్లే. ఐదున్నరకల్లా కూలికి వెళ్లాలి గనక అంతా ముప్పావు గంటలో అయిపోవాలి. లాంతరు చిమ్నీని ముందురోజు సాయంత్రమే బూడిదతో తుడిచి, వత్తి మాడిన అంచు కత్తిరించి ఉంచేవారు. వత్తి వంకరగా కత్తిరిస్తే మంట ఒకవైపు నాలుకలా లేచి చిమ్నీకి మసి పడుతుంది, అప్పుడు బైబిలు చదివేవాళ్లకి అక్షరం ఆనదు. కిరసనాయిలు రేషన్‌ది. ఎవరి వంతు వారం వాళ్లు ఒక సీసా తెచ్చేవారు.

క్రమం ఎప్పుడూ ఒకటే. ముందు ఒక కీర్తన, నిద్ర గొంతులతో, నెమ్మదిగా. తర్వాత బైబిల్లోని దావీదు కీర్తనల్లో ఒకటి. మొత్తం 150 కాబట్టి రోజుకొకటి చొప్పున ఐదు నెలలకి ఒక చుట్టు తిరిగేది. తమకి నచ్చింది ఏరుకునే వీలు లేకుండా వరసనే చదవాలి. ఆ రోజు వంతుకి ఏడుపు కీర్తన వస్తే ఏడుపు కీర్తనే. తర్వాత కాసేపు మౌనం. తర్వాత మనవులు. అన్నిటికన్నా చివర స్తోత్రాలు, మనిషికి మూడు.

ఈ మూడు స్తోత్రాల దగ్గర పెద్దమ్మ చాలా గట్టిగా ఉండేది. ఊరికే "స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం" అంటే ఒప్పుకునేది కాదు. దేనికో చెప్పాలి, అదీ నిన్నటి తెల్లవారు నుంచి ఇవాళ్టి తెల్లవారు లోపు జరిగిందే అయ్యుండాలి. "గేదె ఈనింది, దూడ లేచి నిలబడింది." "పిల్లాడికి ఒంట్లో వేడి దిగింది." "కాలు బెణికింది గానీ విరగలేదు." ఎవరైనా ముందురోజు చెప్పిందే మళ్లీ చెబితే, "నిన్నటి మన్నా ఇవాళ్టికి పురుగు పడుతుందమ్మాయ్, కొత్తది చూడు" అనేది. అరణ్యంలో ఆకాశం నుంచి కురిసిన ఆహారం మన్నా. ఇశ్రాయేలీయులు మర్నాటికని దాచుకుంటే అది పురుగుపట్టి కంపుకొట్టిన సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అందుకే మనసు బాగాలేని రోజుల్లో కూడా ఆడవాళ్లు పొలంలో, వాగు గట్టున ఆ మూడింటి కోసం చుట్టూ చూస్తూ ఉండేవాళ్లు. వెతకడం అలవాటైతే కళ్లు అటే పోతాయి. ఆ మూడు స్తోత్రాల పని ముందురోజే మొదలయ్యేది.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పక్కవాళ్ల నష్టం మీద మన స్తోత్రం నిలబడకూడదు. పక్క పేట గుడిసెలు తగలబడి మావి మిగిలినప్పుడు ఎవరో "మన ఇళ్లు కాపాడాడు, స్తోత్రం" అని మొదలుపెట్టింది. పెద్దమ్మ మధ్యలోనే ఆపి, "ముందు వాళ్ల కోసం ప్రార్థన చెయ్యి. పొద్దెక్కాక వాళ్లకి రెండు చాపలు ఇచ్చిరా. రేపొచ్చి చెప్పు స్తోత్రం" అంది. మొదలుపెట్టినామె అలాగే చేసింది. మర్నాడు చెప్పిన స్తోత్రం వేరే మాటల్లో ఉంది.

* * *

1977 నవంబర్ 19. ఆ రోజు శనివారం. ఉప్పెన దివిసీమ మీద పడ్డ రోజు. సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ఊళ్ల మీదకి వచ్చేసింది. సొర్లగొంది పేరెత్తితే ఇప్పటికీ పెద్దవాళ్లు మాట ఆపేస్తారు. పోయినవాళ్లు 10,000 పైమాటే. దానికి ముందు తరాలవాళ్లు బందరు ఉప్పెన గురించి చెప్పేవారట. 1864 నవంబర్ 1 రాత్రి, 30,000 మంది. ఈ తీరంలో ప్రార్థన నేర్చుకున్నవాళ్లందరూ ఆ రెండు రాత్రుల నీడలోనే నేర్చుకున్నారు.

శనివారం ఉప్పెన వస్తే తెల్లవారి ఆదివారం. "తెల్లారింది గానీ ఆదివారంలా తెల్లార్లేదు" అనేవారు మా పెద్దలు. మా ఊరు కాస్త ఎగువన ఉండబట్టి మనుషులు మిగిలారు. కానీ ప్రతి ఇంటికీ దిగువన చుట్టాలున్నారు. వేపచెట్టు పడిపోయింది, రైలుపట్టా బురదలో కూరుకుపోయింది. ఆ ఆదివారం ఎవరూ పాడలేదు. అయ్యగారు, అంటే మా సంఘ కాపరి, ఎవరినీ పాడమనలేదు. మగవాళ్లతోపాటు పార పట్టుకుని దిగువకి వెళ్లారు, నాలుగు రోజుల తర్వాత వచ్చారు. అప్పుడు ఆరాధన అంటే ఆ పారపనే.

తర్వాతి వారాల్లో ఆయన నడిపిన తీరు మా పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో ఆదివారం టార్పాలిన్ పట్టా కింద అందరినీ కూర్చోబెట్టి 88వ కీర్తన చదివారు. దావీదు కీర్తనల్లో వెలుగు మలుపు లేకుండా చీకటి మాట దగ్గరే ముగిసే కీర్తన అది. చదివి, పరలోక ప్రార్థన చెప్పించి పంపేశారు. ప్రసంగం లేదు. మూడో ఆదివారం 13వ కీర్తన. ఎన్నాళ్లు, ఎంతకాలం, ఎంతవరకు అని మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు దేవుణ్ణి నిలదీస్తుంది. నాలుగో వచనం దాకా చదివి ఆపేశారు. మిగిలిన రెండు వచనాల్లోనే నమ్మిక ఉంది, పాట ఉంది. వాటిని వచ్చే వారానికి ఉంచారు. నాలుగో ఆదివారం ఆ రెండూ చదివి, "ఎవరికైనా పాడాలనుంటే పాడండమ్మా, లేదంటే కూర్చోండి" అన్నారు. పెద్దమ్మే ఎత్తుకుందట. సగం మంది అందుకున్నారు, సగం మంది కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. ఎవరినీ ఎవరూ ఏమీ అనలేదు.

దుఃఖంలో ఉన్నవాళ్ల కోసం దావీదు కీర్తనల్లో అంత చోటు ఉంది. ఆ చోటుని దాటించి ఒకేసారి హల్లెలూయ దగ్గరకి తోసుకెళితే ఏమవుతుందో కూడా మా పేట చూసింది. అది తర్వాత చెబుతాను.

* * *

ఉప్పెనకి పుస్తకాలన్నీ పోయాయి. మొత్తం పేటలో ఒక్క కీర్తనల పుస్తకం మిగల్లేదు. కొత్తవి వచ్చేలోగా ఆడవాళ్లే జ్ఞాపకంలోంచి పాటలు తోడారు. సాయంత్రం అన్నాలయ్యాక అయ్యగారు నోటు పుస్తకం పట్టుకుని కూర్చుంటే, ఒకామె పల్లవి చెప్పేది, ఇంకొకామె మొదటి చరణం, మూడో చరణం ఎక్కడో మూలనున్న ముసలమ్మకి తెలిసేది.

మా కీర్తనలు పాత తెలుగు పద్ధతిలో కట్టినవి. పల్లవి, అనుపల్లవి, చరణాలు, పైన రాగం, తాళం. ఈ దారి వేసినవారిలో పెద్దాయన పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆయన కట్టిన కీర్తనలే వందకు పైగా ఉన్నాయి. ప్రాస పెట్టి కట్టిన పాట మరపు నుంచి లేవడం తేలిక. ఒక పాదంలో రెండో అక్షరం 'న్న' అయితే తర్వాతి పాదంలోనూ రెండో అక్షరం 'న్న' అయ్యుండాలి. కాబట్టి మొదటి పాదం గుర్తుంటే రెండో పాదం ఏ మాటతో మొదలవ్వొచ్చో పదిమంది పది మాటలు అని చూసేవారు. సరైన మాట పడగానే మిగిలిన పాదం దానంతటది వచ్చేసేది. చదువురాని ఆడవాళ్లకి ప్రాస అనే పేరు తెలియదు. "జత కుదరలేదు" అనేవారు, "జత కుదిరింది" అనేవారు. వచనంలా రాసిన పాటలు మాత్రం అలా రాలేదు, చాలావరకు పోయాయి.

చివరికి నోటు పుస్తకంలో నలభై చిల్లర పాటలు చేరాయి. కొన్ని చరణాలు రెండు రకాలుగా వచ్చాయి. అయ్యగారు రెండూ రాశారు. కొత్త పుస్తకాలు వచ్చాక సరిచూస్తే కొన్నిచోట్ల పుస్తకంలో వేరేగా ఉంది. అయినా మా పేటలో చాలాకాలం జ్ఞాపకంలో ఉన్నదే పాడేవారు. పెద్దమ్మ పుస్తకంలో అచ్చు మాట మీద పెన్సిల్ గీత, పక్కన పాత మాట అందుకే ఉన్నాయి.

* * *

చావు ఇంట్లో పాడడం వేరే విద్య. చాలామంది పెద్ద గొంతుతో, తెలిసిన మంచి పాటతో మొదలుపెడతారు, రెండో చరణం రాకముందే పాట ముక్కలైపోతుంది. కారణం చిన్నదే. ఏడ్చిన గొంతు బిగుసుకుని ఉంటుంది, పై స్థాయికి వెళ్లలేదు. ఒక గొంతు పగిలితే ఆ చప్పుడుకి పక్కవాళ్ల గొంతులూ పగులుతాయి. అందుకని మామూలుగా పాడే శ్రుతికి ఒకటో, ఒకటిన్నరో దించి ఎత్తుకోవాలి. ఎత్తుకునేది ఇంటివాళ్లు కాకూడదు, దగ్గర చుట్టాలు కూడా కాకూడదు. పల్లవి రెండుసార్లు, చరణాలు రెండే. కంజీర ముట్టుకోకూడదు. తాళాలు వేస్తే రేకులు పూర్తిగా తగలనివ్వకుండా అంచుతో అంచు తాకించి, వేళ్లతో మోత ఆపేయాలి. చరణానికీ చరణానికీ మధ్య నాలుగు ఊపిర్లు ఆగాలి. ఆ ఖాళీలో ఇంటివాళ్లు ఏడుస్తారు, ఏడవనివ్వాలి. ఏడుపు తగ్గేదాకా చూసి మళ్లీ అందుకోవాలి. పాడుతూ పోయినవాళ్ల భార్య ముఖంలోకో, తల్లి ముఖంలోకో చూడకూడదు. చూపు నేల మీద ఉండాలి.

ఇవన్నీ ఎక్కడా రాసి లేవు. పాతికమంది ఆడవాళ్లు చేతులతో, కళ్లతో చెప్పుకునేవారు.

ఒకసారి ఈ పద్ధతి తప్పింది. పేటలో ఒకామె మూడేళ్ల కొడుకు చెరువులో పడి పోయాడు. కూడికకి బయటి నుంచి వచ్చిన బోధకుడొకాయన ఆ తల్లిని లేపి నిలబెట్టి, అందరి ముందూ మూడుసార్లు "స్తోత్రం" చెప్పమన్నాడు. చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. తర్వాత రెండేళ్లు గుడి గడప తొక్కలేదు.

పెద్దమ్మ వారంవారం వాళ్ల అరుగు మీదకి వెళ్లి కూర్చునేది. బైబిలు పట్టుకెళ్లేది కాదు. వాళ్ల చాట తీసుకుని బియ్యంలో రాళ్లు ఏరేది, మట్టిగడ్డలు ఏరేది, నూకలు వేరుచేసేది. మాటల్లో వానలు, కూలి రేట్లు, మేకలు. పిల్లాడి పేరు మాత్రం ప్రతిసారీ ఒక్కసారైనా అనేది, ఊళ్లో ఇంకెవరూ అనడం మానేశారు గనక. రెండో ఏడు ఎండాకాలంలో ఒకరోజు ఆ తల్లే చాట తిప్పుతూ ఒక పల్లవి సన్నగా కూనిరాగం తీసిందట. పెద్దమ్మ తల ఎత్తలేదు, అందుకోలేదు. రాళ్లు ఏరుతూనే ఉంది. ఆ ఆదివారం ఆ తల్లి గుడికి వచ్చి వెనక గోడకి ఆనుకుని కూర్చుంది.

ఆ తర్వాతెప్పుడో కుర్రాళ్లు ఆదివారపు బడిలో అయ్యగారిని అడిగారు. ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని పౌలు థెస్సలొనీకయులకి రాశాడు కదా, మరి బోధకుడు చేసింది తప్పెలా అయ్యిందని. ఆయన ముందు 'నందు' అన్న ముక్కని పట్టుకున్నారు. విషయంలో ఉండి స్తుతించమన్నాడు, విషయాన్ని స్తుతించమనలేదు అన్నారు. కుర్రాళ్లు వదల్లేదు. పౌలే ఎఫెసీ సంఘానికి రాసిన పత్రికలో 'సమస్తమునుగూర్చి' అని కూడా ఉందిగా అన్నారు. అయ్యగారు కాసేపు ఆలోచించి, "ఉందిరా. అది రాసినవాడు సంకెళ్లలో ఉండి రాశాడు. తన సంకెళ్ల గురించి తాను అనుకునే మాట అది. పక్కింటామె సంకెళ్ల గురించి ఆమె చేత అనిపించమని ఎవరికీ ఇవ్వలేదు" అన్నారు. ఫిలిప్పీ చెరసాల కథ కూడా అప్పుడే గుర్తుచేశారు. బెత్తం దెబ్బలు తిని, కాళ్లకి కొయ్య బొండ వేసి ఉన్న పౌలు, సీల మధ్యరాత్రి పాడారు. ఖైదీలు విన్నారని రాసి ఉంది గానీ ఖైదీల చేత పాడించారని రాసి లేదు.

* * *

పిడికెడు బియ్యం గురించి చెప్పకపోతే స్తుతి సంగతి సగమే చెప్పినట్టు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలుచుకున్నాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వేసేవాళ్లు. వేసేటప్పుడు ఒక స్తోత్రం. పూటకి ఒకటి చొప్పున వారానికి పద్నాలుగు పిడికిళ్లు. ఆడమనిషి పిడికిలి చిన్నది కాబట్టి అంతా కలిపి అరకేజీ పైచిలుకు ఉండేది. ఆదివారం చిన్న సంచిలో పోసి తెచ్చి కానుకల బల్ల దగ్గర పెద్ద డబ్బాలో గుమ్మరించేవారు. బియ్యం రేకు డబ్బాలో పడే చప్పుడు, అది నిండే కొద్దీ మొద్దుబారే తీరు, ఆ గుడిలో కూర్చున్న ఎవరూ మర్చిపోలేరు.

కష్టం వచ్చేది నాట్లయిపోయి కోతలు రాని నెలల్లో. కూలి ఉండదు, ఇంట్లో గింజ ఉండదు. ఒక పూటే పొయ్యి వెలుగుతుంది. అప్పుడు వారానికి ఏడు పిడికిళ్లే. అదీ లేనప్పుడు చిటికెడు. ఏమీ లేని వారం కూడా సంచి తేవాలి, ఖాళీ సంచిని డబ్బా మీద దులపాలి. అది పేట కట్టుబాటు. దానివల్ల రెండు పనులు జరిగేవి. లేనివాళ్లు సిగ్గుపడి గుడి మానేసేవారు కాదు. ఏ సంచి ఖాళీగా దులిపారో అయ్యగారి భార్య అమ్మగారు గమనించి, ఆ సాయంత్రం అదే డబ్బాలోంచి ఆ ఇంటికి చీకటి పడ్డాక పంపేవారు.

ఈ బియ్యంతో ఒక చిక్కుంది. నలభై ఇళ్ల బియ్యం ఒకచోట పడితే పాతవి, కొత్తవి, రేషన్‌వి, దంపుడువి అన్నీ కలిసిపోతాయి. అన్నం వండితే కొత్త బియ్యం ముద్దయ్యేసరికి పాతది ఇంకా పలుకు మీదే ఉంటుంది. అందుకని అమ్మగారు వాటిని అన్నానికి ఇచ్చేవారు కాదు. జల్లించి, తవుడు చెరిగి, తిరగలిలో నూకగా విసిరించి జావకి ఇచ్చేవారు. జావ అయితే ఏ బియ్యమైనా ఒకలాగే ఉడుకుతుంది. పురుగు పట్టకుండా డబ్బా అడుగున ఎండు వేపాకు వేసేవారు. ఆకు పచ్చిగా ఉంటే బియ్యం చెమ్మగిలి బూజు పడుతుంది, రెండు రోజులు నీడన ఎండాలి.

ఆ జావ తాగి ముసలివాళ్లు, బాలింతలు గడిచిన నెలలున్నాయి. వాళ్లలో చాలామంది ఆ డబ్బాలో పిడికెళ్లు వేసినవాళ్లే.

ఈ పద్ధతి ఇప్పుడు దాదాపు పోయింది. కానుక కవర్లు వచ్చాయి, ఫోన్లో డబ్బు పంపడం వచ్చింది. పూటపూటా పొయ్యి దగ్గర చెప్పే ఆ చిన్న స్తోత్రం మాత్రం ఏ కవర్లోనూ పట్టలేదు. ఇది నాకు నిజంగా బాధ.

* * *

కోత పండుగ. ఒక ఏడు కోతకొచ్చిన వరి మీద మూడు రోజులు ముసురు పట్టింది. చేలు పడుకున్నాయి. పడిన వెన్నులు నీళ్లలో రెండు మూడు రోజులు నానితే గింజ వెన్ను మీదే మొలకెత్తుతుంది. నీళ్లు తీసేసి, లీటరుకి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన నీళ్లు వెన్నుల మీద పడేలా కొడితే మొలక ఆగుతుంది. కానీ ఆ నీళ్లు బయటికి పోవడానికి కాలవే నిండి ఉంటే ఏం చేస్తారు? పనలు ఎత్తి గట్ల మీద నిలబెట్టారు. తడి మీద కుప్ప వేసినవాళ్లది లోపల వేడెక్కి పులిసిన కల్లు వాసన వేసింది, బియ్యం పసుపు తిరిగాయి. కోతకి ముందు చేలో చల్లిన మినుము కుళ్లిపోయింది.

పండుగ వాయిదా వేద్దామన్నారు కొందరు. వద్దన్నారు అయ్యగారు. ఉన్నదే తెమ్మన్నారు. మొలకెత్తిన పనలు తెచ్చారు, తెల్లటి మొలకలు వేలెడు పొడవున వేలాడుతూ. అవే బల్లకి రెండు పక్కలా నిలబెట్టారు.

హబక్కూకు ప్రవచనం చివరి అధ్యాయంలో ఆరు నష్టాల లెక్క ఉంది. అంజూరం పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, ఒలీవ పనికిరాకపోయినా, పైరు పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా, సాలలో పశువులు లేకపోయినా. అది చదివి, ఇప్పుడు మన ఆరు చెప్పండి అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరే. "వరి మొలకెత్తినా." "మినుము కుళ్లినా." "అరటి నడుముకి విరిగినా." "గేదె పోయినా." "అప్పు తీరకపోయినా." ఆరోది ఒక ముసలాయన అన్నాడు, "మావాడు పట్నం నుంచి రాకపోయినా." హబక్కూకు తర్వాతి మాట ఆనందిస్తానని. దాన్ని అయ్యగారు ఒక్కరే చదివారు. మమ్మల్ని చెప్పమనలేదు. కానీ చదవడం అయ్యేసరికి వెనక నుంచి ఆడవాళ్ల గొంతులు ఆ మాటని అందుకున్నాయి.

తర్వాత వేలం. ఒక్క మొలక పన నాలుగు చేతులు మారింది. కొన్నవాళ్లు మళ్లీ బల్లకే ఇచ్చేశారు.

ఆ ఆదివారమే అయ్యగారు ఒంగోలు కరువు కథ చెప్పారు. 1876 నుంచి 78 దాకా సాగింది, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ధాత కరువు అన్నారు. మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలిగా ఉన్నవాళ్లకి పని చూపించాడు. కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం ఎవరూ రాకూడదని. ఆ పని ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "బియ్యం ఆగాక వచ్చినవాళ్లు వాళ్లు" అన్నారాయన. మొలకల వంక చూస్తూ అన్నారు.

* * *

గుడి హార్మోనియం కూడా ఆ ముసురులోనే తడిసింది. దాన్ని చూసుకునే తాతయ్య వాయించడమే కాదు, విప్పి బిగించడమూ తెలిసినవాడు. తడిసినదాన్ని ఎండలో పెట్టబోతే అరిచి ఆపాడు. ఎండకి చెక్క ఒక్కసారిగా ముడుచుకుని పగులుతుంది, తిత్తి అతుకులు ఊడతాయి. నీడన, గాలి తగిలే చోట మూత తీసి వారం రోజులు ఉంచాడు. తర్వాత ఇత్తడి రీడ్లు ఒక్కొక్కటీ విప్పి, నాలుక కింద సన్న కాగితం దూర్చి చిలుము తుడిచాడు. బ్లేడుతో గీకకూడదు, నాలుక అరిగితే శ్రుతి మారిపోతుంది. తిత్తికి పడ్డ చిల్లు మీద పలచటి తోలు ముక్క జిగురుతో అంటించాడు.

అంతా చేసినా రెండు మెట్లు పలకలేదు. కొత్త రీడ్లకి బెజవాడ వెళ్లాలి, డబ్బుల్లేవు. ఆయన ప్రతి పాటనీ ఆ రెండు మెట్లూ తగలని శ్రుతికి మార్చి వాయించాడు. కొన్ని పాటలు మరీ కిందకి దిగిపోయాయి, మగవాళ్ల గొంతు అందలేదు. అవి హార్మోనియం లేకుండా పాడారు. అలా ఎన్నేళ్లు గడిచాయో లెక్క లేదు. కొత్త హార్మోనియం వచ్చాక కూడా మా పేటవాళ్లు మిగతా పాటలు ఆ మార్చిన శ్రుతిలోనే పాడతారు. పక్క ఊరి సంఘాలవాళ్లు విని ఆశ్చర్యపోతారు.

* * *

చివరి ఏడాది పెద్దమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మంచినీళ్లు కావాలన్నా చెప్పలేదు, నోరు వంకర తిరిగి ఏదో శబ్దం వచ్చేది. అవతలివాళ్లకి అర్థం కాక ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకునేది.

ఒక సాయంత్రం మనవరాలు పక్కన కూర్చుని ఒక పల్లవి పాడుతుంటే పెద్దమ్మ గొంతు కలిసింది. మాటలు స్పష్టంగా వచ్చాయి. ఇంట్లోవాళ్లు అదిరిపోయారు. మాట నడిపించే తావు చాలామందికి మెదడులో ఎడమవైపు ఉంటుందని, పాటకి కుడివైపు కూడా సాయం వస్తుందని, అందుకే మాట పోయినవాళ్లు కొందరు పాడగలుగుతారని డాక్టరుగారు చెప్పారు. నెమ్మదిగా పాడాలి, ఎడమచేత్తో తాళం వేయించాలి, మొదటి మాట అందించి ఆగాలి, తొందరపెడితే రాదు అన్నారు. ఇందులో సగం ఆ ఇంట్లో ఆడవాళ్లకి ముందే తెలుసు. చావు ఇళ్లలో చేసింది అదే కదా.

రోజూ నాలుగింటికి మనవరాలు లేచి మొదటి మాట అందించేది. పెద్దమ్మ ఎడమచేత్తో మంచం పట్టె మీద తాళం వేస్తూ పాడేది. పాట అయ్యాక మూడు స్తోత్రాల వేళ వస్తే మాట రాదు గనక మూడు వేళ్లు చూపించి, ఒక్కోటీ మడిచేది. దేనికోసమో మనవరాలే ఊహించి చెప్పాలి. సరైతే తల ఊపేది. కాకపోతే వేలు మళ్లీ తెరిచేది.

మొన్న జ్ఞాపకార్థ కూడికలో ఎవరు ఎత్తుకోవాలన్నది తేలక కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయారు. ఇన్నాళ్లూ ఎత్తుకున్నది ఆవిడే కదా. చివరికి ఎవరో కుర్రాడు మైకులో పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు. రెండో చరణంలో పాట తెగిపోయింది, మనవరాలు లేచి బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆ పుస్తకంలో 'చా' గుర్తున్న పేజీ తీస్తే, పాట పైన, రాగం, తాళం అచ్చువేసిన వరస పక్కన, వణుకుతున్న పెన్సిల్ రాత కనిపించింది. ఎడమచేత్తో రాసింది. 'దించి ఎత్తుకోండి. రెండు చాలు.'

మనవరాలు పెట్టె మూత మీద వేళ్లతో తాళం వేస్తూ, చాలా కిందనుంచి ఎత్తుకుంది. మేం అందుకున్నాం. పల్లవి రెండుసార్లు, చరణాలు రెండు.